కొనేటోడు ఎవలు?

మార్చి నెల, పొద్దున పదిన్నర. జగిత్యాలలో ఒక డిగ్రీ కాలేజీ సెమినార్ హాలు. వెనక వరసలో గోడ పక్కన మీకో కుర్చీ దొరికింది. స్టేజీ మీద ‘బిజినెస్ ఐడియా పోటీ’ అని ఫ్లెక్సీ కట్టారు. దాని కింది మూల ఫ్యాన్ గాలికి లేచి పడుతోంది. జట్టుకు ఐదు నిమిషాలు, ఆపైన ప్రశ్నలకు మూడు నిమిషాలు. ఇక్కడ నెగ్గినవాళ్లు యూనివర్సిటీ స్థాయికి పోతారు. ముందు వరసలో ముగ్గురు జడ్జీలు: ఒక కామర్స్ లెక్చరర్, ఒక బ్యాంకు మేనేజరు, ఊళ్లో విత్తనాలూ ఎరువులూ అమ్మే ఒక పెద్దాయన. పిల్లలంతా ఆయన్ని సేటు అంటున్నారు.

మొదటి జట్టులో నలుగురబ్బాయిలు. నలుగురివీ ఒకే రంగు చొక్కాలు. కూరగాయలు ఇంటికి తెచ్చిచ్చే యాప్ వాళ్లది. స్లైడ్లు ముచ్చటగా ఉన్నాయి. ప్రాబ్లమ్, సొల్యూషన్, మార్కెట్ సైజ్ వరసగా వస్తున్నాయి. ఆఖరి స్లైడులో ఐదేళ్ల రాబడి గీత నిటారుగా పైకి పోయింది. చప్పట్లు మోగాయి. సేటు మైకు తీసుకోలేదు, కుర్చీలోంచే అడిగాడు.

“మంచిగున్నది బిడ్డా. కొనేటోడు ఎవలు?”

“అందరూ సార్. ఫోన్ ఉన్నోళ్లందరూ.”

“అందర్ల ఒక్కల పేరు చెప్పు. టవర్ సర్కిల్ కాడ గంప పెట్టుకొని కూసునే అవ్వ దగ్గర కొనుడు బంద్ జేసి, నీ దగ్గర కొంటనన్నోళ్ల పేరు.”

అబ్బాయి పక్కవాడి మొహం చూశాడు. పక్కవాడు స్లైడు వంక చూశాడు. ఇంతలో టైమ్ అయిపోయిందని గంట కొట్టారు.

సేటు ప్రశ్న మీ చెవిలో ఉంచుకోండి. ఇవాళ జగిత్యాల నుంచి కోరుట్లకు, అక్కణ్నుంచి సిరిసిల్లకు పోతాం. ఎక్కడ దిగినా దానితోనే పని పడుతుంది.

ఈ ఐదు నిమిషాల పోటీ చాలా దూరం నుంచి ఇక్కడికి వచ్చింది. 1984లో ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయంలో ఎంబీఏ విద్యార్థులు ‘మూట్ కార్ప్’ అని ఒకటి మొదలుపెట్టారు. లా విద్యార్థులు ఉత్తుత్తి కోర్టులో వాదించినట్టు, వీళ్లు ఉత్తుత్తి కంపెనీ పెట్టి పెట్టుబడిదారుల ముందు వాదించాలి. 1990లో ఎంఐటీ 10 వేల డాలర్ల బహుమతితో తన పోటీ పెట్టింది. బొంబాయి ఐఐటీ ‘యురేకా’ 1998లో వచ్చింది. మన దగ్గర 2015 నవంబరులో హైదరాబాద్‌లో టీ-హబ్ తెరిచారు. 2016 జనవరి 16న స్టార్టప్ ఇండియా మొదలైంది. 2018 నుంచి కాలేజీ కాలేజీకి ఇన్నోవేషన్ కౌన్సిళ్లు వచ్చాయి. 2019లో తెలంగాణ ఇన్నోవేషన్ సెల్ ‘ఇంటింటా ఇన్నోవేటర్’ పేరుతో ఆగస్టు 15న జిల్లా కేంద్రాల్లో ఊరివాళ్ల ఆవిష్కరణలను ప్రదర్శనకు పెట్టడం మొదలుపెట్టింది. అలా అలా ఈ ఫ్లెక్సీ ఈ హాల్లోకి వచ్చింది.

రెండో జట్టు ల్యాప్‌టాప్ వైరు దొరక్క తంటాలు పడుతోంది. ఈలోపు యాంకరింగ్ చేస్తున్న అమ్మాయి అడిగింది: “సొంతంగా బిజినెస్ పెట్టాలని ఎంతమందికి ఉంది?” హాలంతా చేతులు లేచాయి. కిటికీ పక్కన నిలబడ్డ అటెండరు కూడా ఎత్తాడు. బ్యాంకు మేనేజరు వెనక్కి తిరిగి ఇంకో ప్రశ్న వేశాడు: “అప్పు చేసైనా?” చేతులు ఒకటొకటే దిగాయి. దించినవాళ్లు నవ్వలేదు, అది గమనించండి. ఈ పిల్లల్లో చాలామంది ఇళ్లల్లో అప్పు సంగతి అందరికీ తెలుసు. దుబాయ్ వీసాకు తెచ్చినది కొన్నిళ్లల్లో, బోరుకు తెచ్చినది కొన్నిళ్లల్లో, అక్క పెండ్లికి తెచ్చినది ఇంకొన్నిళ్లల్లో. వ్యాపారమంటే వీళ్లకు ఆసక్తి లేదనే మాట నేనొప్పుకోను. ఆసక్తి నిండా ఉంది, దాని పక్కనే భయమూ కూచుని ఉంది. ఆ భయానికి కారణాలున్నాయి.

రెండో జట్టు అంటే ఇద్దరే. గొల్లపల్లి వైపు నుంచి వచ్చిన అమ్మాయి, ఆమె క్లాస్‌మేట్. స్లైడ్లు లేవు, చార్టు ఉంది. ఆ అమ్మాయి రెండు పొట్లాలు విప్పి జడ్జీల ముందు పెట్టింది. ఒకదాంట్లో తెల్లటి మామిడి ఒరుగులు, ఇంకోదాంట్లో నల్లబడినవి.

“సార్, చల్‌గల్ మార్కెట్‌కు మంచి కాయ పోతది. గాలిదుమారం కొడితే రాలిన కాయ చెట్టు కిందనే ఉంటది. మా తోటల ఏటా జూస్తున్న. దాన్ని కోసి ఎండబెడితే ఆమ్‌చూర్ అయితది.”

“నల్లగ ఎందుకైంది?” మేనేజరు ఒక ముక్క తీసి చూశాడు.

“ఇనుప కత్తితోని కోస్తే నల్లగైతది. స్టీలు కత్తితోని కోసి, కోసిన పొద్దే ఎండల పోస్తే గిట్ల ఉంటది. నిజామాబాద్‌ల అడ్తి సార్‌కు ఫోన్ జేసిన. తెల్ల ముక్కకు ఒక రేటు, నల్లదానికి ఇంకో రేటు అన్నడు. పది కిలోల కాయకు కిలో ఒరుగులు వస్తున్నయి.”

సేటు ముందుకు వంగాడు. “గాయన కొంటనన్నడా?”

“ముందుగాల యాబై కిలోలు తెమ్మన్నడు, చూసి చెప్తనన్నడు.”

మేనేజరు ఆహారశుద్ధి యూనిట్లకు కేంద్రమిచ్చే సాయం గురించి చెప్పాడు. ఖర్చులో 35 శాతం, 10 లక్షలకు మించకుండా సబ్సిడీ వస్తుంది. ముద్ర రుణం శిశు కింద 50 వేల దాకా దొరుకుతుంది. అమ్మాయి రాసుకుంది. తర్వాత మెల్లగా అడిగింది: “సార్, నాకు లోన్ వద్దు. ఎండబెట్టేందుకు నాలుగు జాలీ మంచాలు కావాలె. అవి ఎవలన్న కిరాయికిస్తరా?”

ఫలితాలు చెప్పారు. యాప్ జట్టుకు మొదటి బహుమతి, ఒరుగుల జట్టుకు రెండోది. జడ్జీలు కావాలని అన్యాయం చేయలేదు. మార్కుల షీటు మీరూ చూడండి: కొత్తదనానికి ఇన్ని, చెప్పిన తీరుకు ఇన్ని, మార్కెట్ సైజుకు ఇన్ని. “కొంటామన్నవాళ్లు ఉన్నారా” అనే గడి అందులో లేదు. లేని గడిలో మార్కులెలా వేస్తారు? ఆ గడి చేర్చాలి. అందులో సగం మార్కులుండాలి. నేను ఇక్కడికి మిమ్మల్ని తీసుకొచ్చింది ఈ మాట చెప్పడానికే.

మెట్లు దిగుతుంటే సేటు కలిశాడు. ఆయన దుకాణంలో ఎక్కువగా అడిగే విత్తనాల్లో జగిత్యాల సన్నాలు ఒకటి. పక్కనే ఉన్న పొలాస పరిశోధన స్థానంలో పుట్టిన జేజీఎల్ 1798 రకం అది, ఉల్లికోడును తట్టుకుంటుంది. “సైంటిస్టులు స్టేజీ మీద చెప్తే రైతు కొనలె. పక్కోని మడిల చూసి కొన్నడు” అన్నాడు. పొలాసలోనే వ్యవసాయ కళాశాల ఉంది. అక్కడి చివరి ఏడాది పిల్లలకు ‘స్టూడెంట్ రెడీ’ అనే కార్యక్రమం ఉంటుంది. 2015లో దాన్ని భారత వ్యవసాయ పరిశోధన మండలి మొదలుపెట్టింది. కొన్నాళ్లు పల్లెల్లో రైతుల దగ్గరుంటారు. తర్వాత పుట్టగొడుగులో, విత్తనమో, జీవన ఎరువులో తామే తయారుచేసి, అమ్మి, లెక్క రాసి చూపాలి. చప్పట్లు ఉండవు, ఖాతా పుస్తకం ఉంటుంది. వ్యాపారం నేర్పడానికి ఇది ఏ పోటీకన్నా గట్టి పద్ధతి అని నా నమ్మకం.

జగిత్యాల బస్టాండులో కోరుట్ల బస్సు ఎక్కండి. కిటికీ పక్క సీటు పట్టుకుంటే ఎండ పడుతుంది, అయినా పట్టుకోండి. దారి పొడవునా వరి, మామిడి, అక్కడక్కడా పసుపు. ఈ అరగంట, ముప్పావుగంటలో మీకు ఒక పాత సంగతి చెప్పాలి.

‘వ్యాపారం చేసే గుణం నేర్పితే వస్తుందా?’ అనే ప్రశ్నకు ప్రపంచంలో బాగా పేరుపడ్డ జవాబుల్లో ఒకటి తెలుగు నేల మీద దొరికింది. హార్వర్డ్ మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్‌లెలండ్ 1960ల నడుమ కాకినాడ చిన్న వ్యాపారులను ఎంచుకున్నాడు. 1962లో హైదరాబాద్‌కు తరలివచ్చిన చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ ‘సియెట్’కు పిలిపించి పది రోజుల చొప్పున శిక్షణ ఇప్పించాడు. పెద్ద లక్ష్యం పెట్టుకోవడం, చేయగలిగినంత సాహసం మాత్రమే చేయడం, ఫలితాన్ని కొలుచుకోవడం వంటివి అందులో ఉన్నాయి. శిక్షణ లేని రాజమండ్రి వ్యాపారులను పోల్చి చూసుకున్నాడు. 1969లో డేవిడ్ వింటర్‌తో కలిసి పుస్తకం వేశాడు. శిక్షణ పొందినవాళ్లు తర్వాతి ఏళ్లలో ఎక్కువ చురుగ్గా కొత్త వ్యాపారాల్లోకి, కొత్త పెట్టుబడుల్లోకి వెళ్లారని అందులో ఉంది. నాకు అంతకంటే ముఖ్యమనిపించింది ఇంకొకటి. తన సంస్థలో నిర్ణయాలు తానే తీసుకోగలిగిన వ్యాపారి మీదే ఆ శిక్షణ బాగా పనిచేసింది. గల్లా పెట్టె తాళంచెవి ఇంకొకరి దగ్గరుంటే నేర్చుకున్నది నోటు పుస్తకంలోనే ఉండిపోతుంది. ఇరవై ఏళ్ల డిగ్రీ పిల్లల చేతిలో ఏ తాళంచెవి ఉంది? పోటీలు పెట్టేవాళ్లు ఈ ప్రశ్నతో మొదలుపెట్టాలి. బహుమతిగా ఇచ్చే ఐదు వేలు సరే, ఒక చిన్న నిర్ణయాధికారం ఎవరిస్తారు?

కోరుట్ల. బస్టాండు నుంచి నాలుగు సందులు దాటితే ఒక ఇంటి అరుగు. బీకాం చదివే అమ్మాయి అరుగు మీద నిలబడి రేపటి పోటీకి మాట్లాడుతూ సాధన చేస్తోంది. ఎదురుగా గడపలో వాళ్లమ్మ చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేస్తోంది. కత్తిరించిన తునికాకు, చిటికెడు తంబాకు, ఒక చుట్ట, చివర మడత, దారం. చేతుల వైపు చూడకుండానే చేస్తోంది. వెయ్యి బీడీలకు ఇంత అని కూలి. ఆకు తక్కువొస్తే కోత, కంపెనీ ఛాటన్‌లో పనికిరావని తీసేస్తే ఇంకో కోత. ఈ లెక్కలన్నీ ఆమె నోటికే చేస్తుంది. కామర్స్ డిగ్రీ కూతురిది, యూనిట్ కాస్ట్ మాత్రం తల్లికి కంఠతా వచ్చు.

“మేము స్వచ్ఛమైన పసుపు పొడిని వంద గ్రాముల ప్యాకెట్లలో...” అమ్మాయి మొదలుపెట్టింది.

“ఎవలకు అమ్ముతవే?” తల్లి తలెత్తలేదు.

“జనాలకే అవ్వా.”

“ఏ జనాలకు? మన వాడకట్టుల ఎవలింట్ల పసుపు లేదు? మెట్‌పల్లి మార్కెట్ పక్కనుండంగ పసుపు ప్యాకెట్ కొనేటోడు కోరుట్లల దొరుకుతడా?”

అమ్మాయి ఆగిపోయింది. తల్లి చేతులు ఆగలేదు. ఇరవై బీడీలు కట్ట కట్టింది. తర్వాత అంది: “మీ బాపు మస్కట్ పోయేటప్పుడు ఏం పట్టుకపోయిండు?”

“తొక్కు, సకినాలు, కారం, పసుపు.”

“ఒక్కడేనా? ఆ రూముల పన్నెండు మంది ఉంటరు. సెలవు మీద వచ్చిపోయేటోళ్లు ఈ ఊళ్లె నెలకు ఎంతమంది? గా పోయేటోళ్ల ఇంట్ల పెండ్లాలు ప్యాకింగ్ చేస్కుంట కూసుంటరు. వాళ్లకు అమ్ము. పసుపు ఒక్కటే కాదు, కారం, తొక్కు, సకినాలు అన్ని ఒక డబ్బల పెట్టియ్యి. తూకం విమానం లెక్కకు సరిపోవాలె, నూనె కారొద్దు.”

అమ్మాయి ఫోను తీసి గబగబా టైపు చేసుకుంటోంది. మీరూ చూశారుగా, ఇక్కడ ఒక వ్యాపారం ఎలా మలుపు తిరిగిందో. పసుపు పండే చోట పసుపుకు కొనేవాడు లేడు. కానీ ఈ ఊరివాళ్లే వేల మైళ్ల అవతల కొనేవాళ్లయ్యారు. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్, సిరిసిల్ల నుంచి గల్ఫ్ దేశాలకు వలస దశాబ్దాల నాటిది. భివండీ, సూరత్, షోలాపూర్ వలస దానికీ ముందటిది. ఈ ప్రాంతపు వినియోగదారుల జాబితా ఊరిలో లేదు, ఊరి ఫోన్ బుక్కుల్లో ఉంది. ఏ స్లైడులోనైనా ‘మార్కెట్ సైజ్’ రాసే ముందు పిల్లలు తమ ఫోనులోని వాట్సాప్ గ్రూపులు లెక్కపెట్టుకోవాలి.

ఒక్క కొనుగోలుదారుడి మీద బతికితే ఏమవుతుందో కూడా ఈ ప్రాంతానికి తెలుసు. ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. చెరుకు వేసిన రైతుకు కొనేవాడు పోయాడు. చెరుకు మడులు వరికీ, పసుపుకూ, మక్కకూ మారాయి.

కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. అక్కడి విద్యార్థి ఒకడు మధ్యాహ్నం చాయ్ దగ్గర కలిశాడు. అతని ఆలోచన సాదాగా ఉంది, అందుకే నచ్చింది. పల్లెల్లో మహిళలు నాటుకోళ్లు పెంచాలనుకుంటారు. ఒకరోజు వయసు కోడిపిల్లలను తెచ్చుకుంటే సగం చచ్చిపోతాయి. తను వనరాజా, గ్రామప్రియ పిల్లలను తెచ్చి, మొదటి వారంలో కొక్కెర తెగులు టీకా, రెండో వారంలో గంబోరో టీకా వేసి, ఐదారు వారాలు పెంచి, అప్పుడు అమ్ముతాడు. “బతికే కోడి అమ్ముత సార్, గంతే” అన్నాడు. కొనేవాళ్లెవరని మీరడిగేలోపే జేబులోంచి కాగితం తీశాడు. మూడు ఊళ్ల మహిళా సంఘాల పేర్లు, ఒక్కొక్కరు ఎన్ని పిల్లలు అడిగారో, ఎంత బయానా ఇచ్చారో రాసి ఉంది. వ్యాపారం నడవడానికి కావలసినదంతా ఆ కాగితంలో ఉంది. కానీ అతను ఏ పోటీకీ పేరివ్వలేదు. “గది పెద్ద ఐడియాలకు గదా సార్” అన్నాడు. ఆ మాట నన్ను బాధపెట్టింది. పోటీలు ఇలాంటివాణ్ణి వెతుక్కుంటూ రావాలి, అతను వాటికి దూరంగా ఉండిపోతున్నాడు.

కోరుట్ల నుంచి వేములవాడ బస్సు. కథలాపూర్, రుద్రంగి, చందుర్తి. కథలాపూర్ దాటాక రోడ్డు పక్క కళ్లాల్లో పసుపు ఎండుతోంది. ఉడకబెట్టి పరిచిన కొమ్ములు, పదిహేను రోజుల దాకా ఎండాలి. బస్సు ఆగితే దిగి ఒక కొమ్ము చేతిలోకి తీసుకోండి. విరిస్తే టక్కున లోహం చప్పుడు రావాలి, లోపల ముదురు నారింజ రంగు కనపడాలి. రాకపోతే ఇంకా తడి ఉన్నట్టు. కళ్లం మీద ఉన్న రైతుకు పసుపు బోర్డు సంగతి తెలుసు. 2025 జనవరిలో నిజామాబాద్‌లో మొదలైంది కదా. “బోర్డు వచ్చింది మంచిదే, రేటు ఎట్లున్నదో గది చెప్పు” అన్నాడు.

వేములవాడ చేరేసరికి సాయంత్రం నాలుగు. రాజన్న గుడి దారిలో కోడె మొక్కులకు వచ్చిన కుటుంబాలు, కొబ్బరికాయల కొట్లు, బొమ్మలు, గాజులు, ప్రసాదం సంచులు. ఒక కొట్టు ముందు సిరిసిల్ల డిగ్రీ కాలేజీ కుర్రాడు నిలబడి ఉన్నాడు. వాళ్ల కాలేజీ పోటీలో వాళ్ల జట్టు నెగ్గింది, వచ్చే శుక్రవారం యూనివర్సిటీ రౌండు. చేతిలో రెండు గుడ్డ సంచులున్నాయి. 120 మైక్రాన్ల కంటే పల్చటి ప్లాస్టిక్ సంచులపై 2022 చివర్లో నిషేధం వచ్చింది. కొట్ల వాళ్లు అప్పటినుంచీ ఇబ్బంది పడుతున్నారు. ఇతని ఆలోచన అక్కణ్నుంచే పుట్టింది.

“పెద్దది ఎంతకిస్తవ్?”

“పన్నెండు అన్నా. మీటర్ గుడ్డకు నాలుగే వస్తున్నయి.”

“పన్నెండు పెట్టి సంచి కొంటే నాకేం మిగులుతది? లడ్డు కోసం గంత సంచి ఎందుకురా?”

కుర్రాడు సంచి మీద జానలతో కొలిచాడు. ఎనిమిదంగుళాల వెడల్పు, మడిస్తే తొమ్మిదిలోపు పొడవు. మీటరుకు పన్నెండు సంచులు. గుడ్డకు రెండున్నర లోపు, కుట్టుకూలి రెండు, తాడు, అచ్చు కలుపుకొని ఐదుకు అటూ ఇటూ.

“చిన్నది ఆరు రూపాలకు అన్నా.”

“వెయ్యి పట్టుకరా. రెండు వేలు బయానా తీస్కో. మళ్ల శుక్రారం జనం వస్తరు, ఆ పొద్దుకే నా దగ్గరుండాలె.”

కుర్రాడు నోట్లు లెక్కపెట్టుకుంటుంటే అతని వేళ్లు వణికాయి. పోటీలో గెలిచినప్పుడు ఇతను ఇంత ఉద్వేగపడ్డాడో లేదో నాకు తెలీదు. ఇప్పుడు మాత్రం నేను కళ్లారా చూశాను.

సిరిసిల్ల పన్నెండు కిలోమీటర్లు కూడా ఉండదు. వీధిలోకి అడుగుపెట్టే ముందే సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు వినిపిస్తుంది. అతని వెంట కార్ఖానాలోకి రండి. ఎనిమిది సాంచాలు, నాలుగు నడుస్తున్నాయి. వాళ్ల బాపు ఒక సాంచ ఆపి, నాడె తీసి, అయిపోయిన కండె మార్చి, మళ్లీ వేశాడు. కొన్ని సెకన్లే పట్టింది. ఇక్కడ గొంతెత్తి మాట్లాడాలి. ఆయన ఆసామి. సాంచాలు ఆయనవి, వాటి మీద ఉన్న నూలు, గుడ్డ యజమానివి. మీటరుకు ఇంతని కూలి వస్తుంది.

ఈ ఊరి నేత పనితనానికి కొదవ లేదు. అగ్గిపెట్టెలో ఇమిడే చీర నల్ల విజయ్ నేసింది ఇక్కడే. జీ-20 చిహ్నాన్ని చేత్తో నేసిన వెల్ది హరిప్రసాద్ ఇక్కడివాడే, 2022 నవంబరులో ‘మన్ కీ బాత్’లో ప్రధాని ఆయన పేరు చెప్పారు. లేనిది కొనేవాడు. 2017లో బతుకమ్మ చీరల ఆర్డర్ వచ్చింది, ఏటా కోటి దాకా చీరలు. ఊరంతా పగలూ రాత్రీ నడిచింది. 2024లో ఆ ఆర్డర్ లేకుండా పోయాక సాంచాలు ఆగాయి, బకాయిలు నిలిచాయి, ప్రాణాలు పోయాయి. తర్వాత మహిళా సంఘాల చీరల పని వచ్చి కొంత ఊపిరి పోసింది. ఏళ్ల కిందట కార్మికుణ్ణే యజమానిని చేస్తామని పెద్దూరులో ‘వర్కర్ టు ఓనర్’ షెడ్లు మొదలుపెట్టారు. ఓనర్ కావడానికి షెడ్డు చాలదని ఈ వీధిలో ఎవరినడిగినా చెబుతారు. అందుకే కొడుకు ‘బిజినెస్’ అంటే ఈ తండ్రికి గుండె దడ. ఆ దడను చాదస్తం అనడానికి నాకు మనసొప్పదు. కొనేవాడు ఒక్కడే ఉండి, అతనూ పోతే ఏమవుతుందో ఆయన చూశాడు.

“బాపూ, వెయ్యి సంచుల ఆర్డర్ వచ్చింది. ఒక్క సాంచ నాకియ్యి. నూలు గుడ్డ నేసుకుంట.”

తండ్రి చెయ్యి తుడుచుకున్నాడు. “వెయ్యికి ఎన్ని మీటర్లు?”

“ఎనభై నాలుగు.”

“ఎనభై నాలుగు మీటర్లకు బీము ఎవడు నింపుతడురా? బీము ఎక్కిస్తే వెయ్యి మీటర్లన్న దింపాలె. మిగిలింది ఏం జేస్తవ్, నెత్తికి సుట్టుకుంటవా?” కాసేపు ఆలోచించాడు. “వెనక గల్లీల మీ చిన్నబాపు కార్ఖానాల కాటన్ నడుస్తున్నది. తాను కొను. నేసుడు ఆళ్ల పని, కుట్టుడు మీ అవ్వ పని, అమ్ముడు నీ పని.”

చిన్నబాపు మీటరు ఇరవై ఎనిమిది అన్నాడు. ముక్కలుగా కోసివ్వడు, తాను లెక్కనే. వంద మీటర్లు, 2,800 రూపాయలు. బయానా రెండు వేలుంది. ఎనిమిది వందలు తక్కువ. కుర్రాడు తండ్రి వైపు చూశాడు. తండ్రి గోడ మీద వేలాడుతున్న ఖాతా పుస్తకం తీసి, కొడుకు పేరు మీద కొత్త పేజీ పెట్టాడు. ఎనిమిది వందలు రాశాడు, తారీఖు వేశాడు.

“సంతకం పెట్టు. శుక్రారం వాపస్ ఇయ్యాలె.”

సంతకం పెట్టి, తాను భుజాన వేసుకుని బయటికొచ్చాక శుక్రవారం సంగతి గుర్తొచ్చింది. యూనివర్సిటీ రౌండూ అదే రోజు, పదింటికి కరీంనగర్‌లో. వీధి మలుపులో ఆగి తన జట్టువాడికి ఫోన్ చేశాడు. సాంచాల చప్పుడుకు ఒక చెవి మూసుకుని గట్టిగా చెబుతున్నాడు: “స్లైడ్లు నీ దగ్గర ఉన్నయి గదా, నువ్వు పోయి చెప్పు. నేను వేములవాడకు మాల్ ఏస్కపోవాలె. ఆఖర్ల ఒక్క స్లైడు పెట్టు, వెయ్యి సంచులు అమ్మినమని. కొట్టాయన ఫోన్ నంబర్ గుడ రాసి పెట్టు, జడ్జీలు కావాలంటే ఫోన్ జేసి అడుక్కుంటరు.”